మేడిపుట్టు జీపు నోరు మూయించడం

రిటైరైనవాళ్లు తమ ఉద్యోగం గురించి రాసేటప్పుడు ఎప్పుడు చేరారో, ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో ముందు చెప్తారు. నాకు ఒక్క ప్రమోషనూ రాలేదు. వయసు కూడా రిటైరయ్యే వయసు కాదు, ముప్పై మొన్ననే దాటింది. కానీ నేను చేసిన పని నాతోనే ఆగిపోయింది కాబట్టి ఆ మాట వాడుకుంటున్నాను. ఎలా ఆగిపోయిందో చివర చెప్తాను. అదొక అద్దం గొడవ.

నా పేరు సింధు. పుట్టి పెరిగింది విశాఖపట్నంలో, గాజువాక దగ్గర. మెకానికల్ డిప్లొమా చేసి, అరకులో కాఫీ పళ్లు కొనే ఒక చిన్న కంపెనీలో బండి చూసుకునే పనికి చేరాను. బండి అంటే ఒక్కటే. నాకంటే వయసులో పెద్దదైన డీజిల్ ఫోర్ వీల్ జీపు. వర్క్‌షాపు అంటే నేను అద్దెకున్న ఇంటి పెరట్లో వెదురు కర్రల మీద కట్టిన నీలం టార్పాలిన్. నా సామాను ఒక జాకీ, రెండు సెట్ల పానాలు, చేతిలో ఫోను.

ఇలాంటి జీపులు ఏజెన్సీలో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. వాటి మీద పనికి చేరబోయే చెల్లెళ్ల కోసం, తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అసలు పని

మా జీపు పని మేడిపుట్టు అనే కొండ మీద ఊరికి వెళ్లి రావడం. కోత రోజుల్లో పొద్దున ఖాళీగా ఎక్కి, సాయంత్రం లోపల కాఫీ పళ్ల బస్తాలతో, పళ్లు కోసి మిల్లు దగ్గర తూకం చూసుకోడానికొచ్చే ఆడవాళ్లతో దిగాలి. కోసిన పళ్లు అదే రోజు మిల్లుకి చేరి తోలు తీయించుకోవాలి. ఒక రాత్రి బస్తాలో ఉంటే పులిసిపోతాయి, కంపెనీ తీసుకోదు, కోసినవాళ్ల రోజంతా వృథా. పళ్లు దించడానికి ఆ రోడ్డు మీదకి ఇంకే బండీ రాదు. అంటే జీపు ఒకరోజు ఆగితే మేడిపుట్టు ఒకరోజు ఆగుతుంది. నా ఉద్యోగం మొత్తం ఈ ఒక్క వాక్యమే.

కాలేజీలో చెప్పినవి మొదటి వానాకాలంలోనే సగం పక్కన పెట్టాను. రేడియేటర్ కారితే పసుపు వేశాం. డీజిల్ ట్యాంకు చెమర్చితే బట్టల సబ్బు రుద్దాం. ఇవి చూసి మురిసిపోకండి. పసుపు వేసిన రేడియేటర్ తర్వాత లోపల పూడుకుపోతుంది, దాన్ని కడగడానికి నా ఆదివారాలు పోయాయి. ఇల్లు చేరేదాకా పనికొచ్చేది ఒకటి, రిపేరు ఇంకొకటి. ఈ తేడా తెలియని మెకానిక్కులు కొండ మీద చాలామంది ఉన్నారు, వాళ్ల బండ్లు కూడా కొండ మీదే ఉండిపోయాయి.

డ్రైవరు పేరు సుక్రు. మేడిపుట్టు మనిషే. యాభై దాటి ఉంటాడు. నేను చేరడానికి చాలా ముందు నుంచీ ఆ స్టీరింగ్ ఆయనదే. నేను ‘బాబాయ్’ అనేదాన్ని. ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు.

“ఏటి గుంటా, ఆ పోను సూసి బండి బాగుసేత్తన్నావా, పెళ్లికొడుకుని ఎతుకుతున్నావా?”

“బండికే పెళ్లి చేద్దాం అనుకుంటున్నా బాబాయ్. ముసలిదైపోయింది, ఎవడూ ముందుకు రావట్లేదు.”

“నువ్వు దీని కింద దూరినప్పుడల్లా నాకు బయ్యమేత్తది. ఏది ఇప్పి ఏది మరిసిపోతావో అని.”

మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక గొడవ ఉండేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆయనకి అసలు కోపం రాదు, అది చూసి నాకు ఇంకా మండేది.

లావు టైర్లు

మా యజమాని మూర్తి గారు అనకాపల్లి వైపు వ్యాపారి. చెడ్డ మనిషి కాదు. జీతం ఆపలేదు, పార్టులకి పేచీ పెట్టలేదు. కానీ బండిని ఎప్పుడూ బయట నుంచే చూశాడు. చలికాలంలో అరకు టూరిస్టులతో నిండిపోతుంది కదా, ఆదివారాలు జీపుని వాళ్లకి తిప్పుదామని ఆయన ఆలోచన. వాళ్లు ఫొటోలు తీసుకోవాలంటే బండి బలంగా కనిపించాలి. అందుకని లావు టైర్లు కొన్నాడు. పైన ఇనప క్యారియర్ పెట్టించాడు. ముందు వరసగా లైట్లు.

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను.

“సార్, ఈ బ్రేకులు సన్న టైర్లకే అంతంతమాత్రం. లావు టైరుని ఆపాలంటే ఇంకా బలం కావాలి. పైన ఆ మంచం ఒకటి.”

“మంచం కాదమ్మా, క్యారియర్.”

“సార్, దాని మీద మీరు పడుకున్నా బండి బరువు బరువే.”

పెట్టించాడు. వారం తిరక్కుండా సుక్రు బాబాయ్ మోకాలు పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. ఆ జీపుకి పవర్ బ్రేకులు లేవు. పెడల్ మీద మనిషి ఎంత తొక్కితే అంతే. మేడిపుట్టు దిగి వచ్చేసరికి ఆయన కుడికాలు వణికేది. ‘ఏటీ నేదు’ అనేవాడు. వణకడం నాకు కనిపిస్తూనే ఉంది.

సొంతంగా మార్పులు చేయబోయేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పాత బండిలో ప్రతి భాగం పక్కదానితో సర్దుకుని బతుకుతూ ఉంటుంది. టైరు మారిస్తే బ్రేకు అడుగుతుంది. బ్రేకు మారిస్తే ఇంకేదో అడుగుతుంది. ఆ ఇంకేదో బండిలోనే ఉంటుందని నేను అనుకున్నాను.

బూస్టర్

బ్రేకు బూస్టర్ అంటే పెడల్‌కీ బ్రేకులకీ మధ్య కూర్చునే పెద్ద డబ్బా లాంటిది. దాంట్లోంచి గాలి పీల్చేస్తే, కాలు కొంచెం తొక్కినా అది బాగా తొక్కినట్టు చేస్తుంది. ఆ గాలి పీల్చే పంపు ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. ఇంజన్ తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు తిరిగితే పంపు తిరుగుతుంది.

ఒక పాత వ్యాను నుంచి బూస్టరు, పంపు తెచ్చుకున్నాను. ఫోనులో చూడని వీడియో లేదు. తమిళంలో ఒకటి, మలయాళంలో ఒకటి, భాష అర్థం కాకపోయినా చేతులు అర్థమవుతాయి. బ్రాకెట్టు నేనే కోసి వెల్డింగ్ చేయించాను. బూస్టర్‌తో పాటు బ్రేకు ఆయిల్ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా పెద్దది వేయాలి, వేశాను. పైపులు కొత్తవి, ఆయిల్ కొత్తది, గాలి బుడగ లేకుండా మళ్లీ మళ్లీ తీశాను. ఇప్పటికీ చెప్తున్నాను, ఆ ఫిట్టింగులో ఒక్క లోపం లేదు.

మిల్లు ముందు మైదానంలో సుక్రు బాబాయ్ తిప్పి చూశాడు. ఆపాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ ఆపాడు. దిగి వచ్చి బానెట్ మీద చెయ్యి వేశాడు.

“ఏలు పెడితే ఆగిపోతంది గుంటా. దీనికిన్నాళ్లు కాలెందుకు అరగదీసుకున్నానో.”

అది ఆయన దగ్గర నేను విన్న మొదటి మెచ్చుకోలు. ఆ సంతోషంలో నేను అడగాల్సింది ఒకటి అడగలేదు, ఆయన చెప్పాల్సింది ఒకటి చెప్పలేదు. అడగాలని నాకు తెలీదు. చెప్పాలని ఆయనకి తెలీదు. కొండ దిగేటప్పుడు బండిని ఎలా దించుతావు బాబాయ్ అని ఎవరు అడుగుతారు? దించడమంటే దించడమే కదా.

ఆగిన పాట

మొదటి లోడుకి నేనూ వెళ్లాను. పెడల్ ఎలా ఉందో చూడాలి, మూర్తి గారికి వీడియో పంపాలి. ముందు సీట్లో కూర్చుని ఫోను పట్టుకున్నాను. వెనక బస్తాల మీద ఆడవాళ్లు. వాళ్లకి పెద్ద దిక్కు బుద్రి అక్క, నడుముకి పళ్ల బుట్ట కట్టుకునే ఎక్కింది.

దారి తడిగా ఉంది. ఒకవైపు గట్టు, ఒకవైపు సిల్వర్ ఓక్ చెట్ల కొసలు కాళ్ల కింద కనిపించే లోయ. ఒక్క బండి పట్టే వెడల్పు. ఎదురొస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి, అది కూడా ముందే చూసుకుంటేనే.

కొండ అంచు దగ్గర పెద్ద బండరాయి ఉంటుంది. అక్కడికి రాగానే సుక్రు బాబాయ్ గేరు న్యూట్రల్‌లో వేశాడు. చెయ్యి చాచి డాష్‌బోర్డు కింద నల్ల నాబ్ లాగాడు. అది ఇంజన్ ఆపే నాబ్.

ఇంజన్ ఆగింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. టైర్ల కింద చిన్న రాళ్లు నలిగే చప్పుడు ఒక్కటే. వెనక బుద్రి అక్క పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు అందుకున్నారు. నేను ఫోను పక్క నుంచి బయటికి చాచి వాళ్ల వైపు తిప్పి వీడియో తీస్తున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా బాగుందనుకున్నాను.

మొదటి వంపులో బ్రేకు నొక్కాడు, మెత్తగా పట్టింది. రెండో వంపులో నొక్కాడు, పట్టింది. బూస్టర్ డబ్బాలో అంతకుముందు పీల్చి ఉంచినది ఆ రెండుసార్లకి సరిపోతుంది. ఇంజన్ ఆగింది కాబట్టి పంపు తిరగడం లేదు. ఈ లెక్క నాకు తెలుసు. తెలిసి కూడా ఫోను స్క్రీన్‌లోనే చూస్తున్నాను.

మూడో వంపు ముందు పాట ఆగింది. ఒక మాట మధ్యలో, కత్తెరతో కోసినట్టు.

సుక్రు బాబాయ్ వెంటనే పెడల్ తొక్కాడు. పెడల్ కదల్లేదు. ఆయన సీట్లోంచి లేచి రెండు కాళ్లతో నిలబడి తొక్కాడు. బండి కొంచెం తగ్గింది, ఆగలేదు. పెద్ద సిలిండర్ వేశాను కదా, బూస్టర్ లేకపోతే అది పాతదానికంటే గట్టిగా ఉంటుంది.

“ఏటైంది దీనికి” అన్నాడు, నా వైపు చూడకుండా.

“నాబ్ లోపలికి తొయ్యి బాబాయ్. గేరు వెయ్యి. ఇంజన్ తిరిగితే వస్తుంది.”

నాబ్ తోశాడు. మూడో గేరుకి వేయబోయాడు, గేరు పళ్లు పటపటమన్నాయి, పడలేదు. నేను హ్యాండ్ బ్రేక్ రెండు చేతులతో లాగి పట్టుకున్నాను. కింద నుంచి కాలిన వాసన. లోయ వైపు చక్రం అంచు మీద గడ్డిని తొక్కుతోంది. మళ్లీ గేరు తోశాడు, ఈసారి పడింది. ఇంజన్ దగ్గి, ఊగి, అంటుకుంది. కానీ పంపు గాలి పీల్చడానికి కొంచెం టైమ్ కావాలి. ఆ కొంచెం మా దగ్గర లేదు. ఆయన స్టీరింగ్ గట్టు వైపు కోసేశాడు. ఎడమ చక్రాలు కాలవలో పడ్డాయి, మడ్‌గార్డు మట్టిగట్టుని రాసుకుంటూ పోయింది, బండి ఒరిగి ఆగింది.

వంపు తిరిగి ఒక ట్రాక్టరు పైకి వచ్చింది. ట్రాలీ నిండా ఇటుకలు. మమ్మల్ని చూసి ఆగింది. మధ్యలో ఒక మంచం పట్టేంత జాగా.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఒక బస్తా పగిలి ఎర్రటి పళ్లు కాలవలో దొర్లిపోతున్నాయి. నేను దిగాను. భయం పోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే, అరవడం.

“ఇంజన్ ఎందుకు ఆపావు? చుక్క డీజిల్ మిగుల్చుకోడానికి ఇంతమందిని లోయలో పోస్తావా? మిగిల్చింది ఎక్కడ అమ్ముతున్నావు?”

అందరూ విన్నారు. ట్రాక్టరు అతనూ విన్నాడు. సుక్రు బాబాయ్ తాళం తీసి బానెట్ మీద పెట్టాడు. కాలవలోకి దిగి, పగిలిన బస్తాని భుజాన వేసుకుని, కిందికి నడక మొదలుపెట్టాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగి, మోయగలిగినంత బస్తా ఎత్తుకుని ఆయన వెనక వెళ్లారు. బుద్రి అక్క మాత్రం ఆగింది.

“డీజిలు కోసమేటి? ఎవరు సెప్పినారు నీకు?”

“మరి దేనికి? మీరు పాట పాడుకోడానికా?”

“మేం పాడతాం, సుక్రు ఇంతాడు. నీకు తెల్దా? వంపు కింద బండి సప్పుడు మాకు ముందు ఇనపడతాది, ఎనకున్నోళ్లం, మాకు కప్పు నేదు. ఇనపడితే పాట ఆపీత్తాం. పాట ఆగిందంటే ఆడు బండి ఆపీత్తాడు. ఇంజను రొద ఉంటే మాకూ కింద బండి ఇనపడదు, ఆడికీ మా పాట ఇనపడదు. నా పెళ్లి కాకముందు నుంచీ ఇలాగే దిగుతన్నాం.”

“హారన్ కొట్టొచ్చు కదా?”

“కొడితే? పైకొచ్చేవోడి బండి రొదలో ఆడికినపడతాదేటి?”

వాళ్లు భయంతో పాట ఆపారనుకున్నాను. బ్రేకు లేదని వాళ్లకి అప్పటికి తెలియనే తెలియదు. ఆపింది ట్రాక్టరు కోసం.

రెండు దారులు

ట్రాక్టరుతో జీపుని కాలవలోంచి లాగించి మూర్తి గారికి ఫోను చేశాను. ఆయన మొదట బస్తాల గురించి కాకుండా మనుషుల గురించే అడిగాడు, అది ఆయన పద్దులో వేయాలి. తర్వాత ఇలా అన్నాడు.

“ఇంజన్ ఆపి దించాడంటే డ్రైవర్‌దే తప్పు. మార్చేద్దాం. కింద కుర్రాళ్లు బోల్డుమంది ఉన్నారు. లేదంటే ఆ బూస్టర్ విప్పేయ్. రెండిట్లో ఏదో ఒకటి, వచ్చే కోతకల్లా.”

బూస్టర్ విప్పితే లావు టైర్లతో, పాత బ్రేకులతో సుక్రు బాబాయ్ మోకాలు ఇంకెన్నాళ్లో ఉండదు. ఏదో ఒకరోజు నిజంగానే ఆగదు. డ్రైవర్ని మారిస్తే, పాట ఎందుకు ఆగిందో తెలియని మనిషి ఆ స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. ఆడవాళ్లు అలాంటి బండి ఎక్కరు. మేడిపుట్టు పళ్లు చెట్టు మీదే రాలిపోతాయి.

మర్నాడు నడుచుకుంటూ మేడిపుట్టు వెళ్లాను. సుక్రు బాబాయ్ వాకిట్లో మిరియాలు ఆరబోస్తున్నాడు. నేను క్షమాపణ అడిగాను. నాకు అది చేతకాదు, అడ్డదిడ్డంగా వచ్చింది.

“దొంగన్నావు కదా, కూకో” అన్నాడు. “దొంగింట్లో టీ తాగుతావా?”

“తాగుతాను. బాబాయ్, బూస్టర్ ఉన్న బండిని ఇంజన్ ఆపి దించకూడదు. ఇంక ఎప్పుడూ కూడదు. ఇది నా మాట కాదు, ఆ డబ్బా మాట.”

“ఇంజను ఆపకపోతే నాకు పాట ఇనపడదు. ఇదీ నా మాట కాదు.”

“మరేం చేద్దాం?”

ఆయన మిరియాలు అటూ ఇటూ కలిపాడు.

“బండి నోరు మూయించు. ఇంజను ఆడతా ఉండాల, నాకు పాట ఇనపడాల. అప్పుడొత్తాను. నేకపోతే ఇంకోణ్ణి ఎట్టుకోమను. కానీ మా ఆడోళ్లని అందులో ఎక్కించకు.”

పెరట్లో

పాత డీజిల్ ఇంజన్ని నిశ్శబ్దం చేయడం గురించి నేను నేర్చుకున్నది ఏమిటంటే, చప్పుడు ఒకచోట నుంచి రాదు. ముందు లావు టైర్లు, క్యారియర్ విప్పి పారేశాను. మూర్తి గారిని అడగలేదు. విప్పాక ఫొటో పంపాను. ఆయన ఫోను చేశాడు, నేను బండి కింద ఉన్నానని ఎత్తలేదు. అది నిజమే.

ఇంజన్ కింద మౌంటింగ్ రబ్బర్లు రాయిలా ఎండిపోయి ఉన్నాయి. ఇంజన్ వణుకంతా ఛాసీకి, ఛాసీ నుంచి రేకుకి పాకుతోంది. మార్చాను. సైలెన్సర్‌కి చిల్లి, కొత్తది వేశాను. గేరు లివర్ చుట్టూ ఖాళీల్లోంచి రొద నేరుగా కాళ్ల దగ్గరికొస్తోంది, పాత టైరు ట్యూబులు కోసి మూశాను. బానెట్ లోపల మందపాటి ఫెల్ట్ గుడ్డ అంటించాను. ఫోనులో చప్పుడు కొలిచే యాప్ పెట్టుకుని ఒక్కో పనికీ ఎంత తగ్గిందో చూసుకుంటూ పోయాను. నెంబర్లు బాగా తగ్గాయి, వెనక కూర్చుంటే రోడ్డు మీద పోయే బండ్లు కూడా వినపడుతున్నాయి. నాకు గర్వమేసింది.

సంతకొచ్చిన బుద్రి అక్కని పెరట్లోకి లాక్కొచ్చాను. ఆమెని వెనక కూర్చోబెట్టి, ఇంజన్ వేసి, నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను.

“పాడు అక్కా. నీకిష్టమైనప్పుడు ఆపు. ఎప్పుడు ఆపావో నేను చెప్తాను.”

పాడింది. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. కాసేపటికి, “ఇప్పుడు ఆపావు” అన్నాను.

సీటు వెనక రేకు మీద టకటక కొట్టింది. “ఎప్పుడో ఆపీసి నీ పెరట్లో జాంకాయ కోసుకు తింతన్నాను. నీ పోను ఏటి సెప్పింది?”

ఫోను బాగానే ఉందని చెప్పింది. తప్పు నేను కొలుస్తున్న దాంట్లో ఉంది. చప్పుడు ఎంత తగ్గిందని కొలిచాను, పాట ఎంత అందుతోందని కొలవలేదు. డ్రైవర్ సీటుకీ వెనకకీ మధ్య ఎప్పుడో ఎవరో రేకు బిగించారు, సామాను ముందుకి పడకుండా. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు అది అడ్డం కాలేదు. ఇప్పుడు అదే గోడ. గ్రైండర్ తెచ్చి, డ్రైవర్ తల ఎత్తులో వెడల్పుగా కిటికీ కోశాను. అంచులకి రబ్బరు తొడిగాను.

“మళ్లీ పాడక్కా.”

ఈసారి ఆమె ఊపిరి తీసుకోడం కూడా వినపడింది. ఆపింది. ఆపిన క్షణమే చెయ్యెత్తాను.

“జాంకాయ పచ్చిది” అంది కిటికీలోంచి.

నాబ్

కోత రోజు సుక్రు బాబాయ్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. సన్న టైర్లు చూశాడు, కోసిన కిటికీలో తల పెట్టి చూశాడు. నేను ఆ నాబ్‌ని తీగతో కట్టేద్దామని రెండుసార్లు పటకారు పట్టుకుని మళ్లీ వదిలేశాను. కట్టేసిన నాబ్‌తో బండి నడిపే మనిషి నన్ను నమ్మినట్టా, నేను ఆయన్ని నమ్మినట్టా? ఏ జవాబూ నాకు నచ్చలేదు.

సాయంత్రానికి లోడు నిండింది. బండరాయి దగ్గరికి వచ్చాం. ఆయన కుడిచెయ్యి స్టీరింగ్ మీద ఉంది. ఎడమచెయ్యి గేరు మీద నుంచి లేచి, డాష్‌బోర్డు కిందికి వెళ్లింది. నేను నోరు తెరవలేదు. నా అరుపు అక్కడ ఎంత పని చేసిందో ఒకసారి చూశాను కదా. ఆయన వేళ్లు నాబ్ మీద కూర్చున్నాయి. ఎన్నో ఏళ్లుగా అక్కడికి వెళ్లిన చెయ్యి అది, ఆయన పంపకపోయినా వెళ్తుంది.

“ఎత్తుకోండే” అన్నాడు కిటికీలోకి.

బుద్రి అక్క పాట ఎత్తుకుంది. ఆయన కాసేపు విన్నాడు. చెయ్యి వెనక్కి వచ్చి గేరు పట్టుకుంది. రెండో గేరులో బండి దిగడం మొదలుపెట్టింది, బండి బరువుని ఇంజనే పట్టి ఉంచుతూ.

మొదటి వంపు. రెండో వంపు. మూడో వంపు దగ్గర గట్టు మీద మా మడ్‌గార్డు గీత ఇంకా ఉంది. దాటాం. ఫోను నా ఒళ్లో ఉంది, తీయాలనిపించలేదు.

కల్వర్టు పైన వంపు దగ్గర పాట ఆగింది.

ఆయన కాలు పెట్టాడు. బండి మెత్తగా నిలబడింది. ఇంజన్ గుర్రుమంటోంది. వంపు అవతల ఏమీ కనపడటం లేదు, నాకు ఏమీ వినపడటం లేదు. బుద్రి అక్క పొరబడిందేమో అనుకున్నాను. సుక్రు బాబాయ్ రివర్స్ వేసి, గట్టు పక్క వెడల్పున్న చోటికి నెమ్మదిగా వెనక్కి తీసుకెళ్లి ఆపాడు. అప్పుడు వినపడింది నాకు. పెళ్లి సామాను వేసుకుని ఇంకో జీపు, పాటల రొదతో, హారన్ లేకుండా, వంపు తిరిగి మా పక్క నుంచి పైకి పోయింది.

“బాగుంది” అన్నాడు. బ్రేకుని అన్నాడో, కిటికీనో నేను అడగలేదు. ఆ తర్వాత గుంటా అనడం మానలేదు కానీ, పెరట్లో పని మొదలుపెట్టే ముందు ‘మేస్త్రీ ఉందేటి?’ అని వచ్చేవాడు.

అద్దం గొడవ

చేరబోయేవాళ్లకి చెప్పాలనుకున్నది ఇంతే. మీరు బిగించే ప్రతిదాన్నీ అవతల ఒక మనిషి తన పద్ధతిలో వాడతాడు. పానా ముట్టుకునే ముందు ఆయన పక్కన కూర్చుని ఒకసారి కొండ దిగండి. ఫోను చూసుకోండి, నేనేమీ వద్దనను, కానీ దిగేటప్పుడు కాదు.

ఆ తర్వాత చాలా సీజన్లు ఆ జీపు ఆడింది. చివరికి ఛాసీ తుప్పు పట్టి, వెల్డింగ్ పట్టడానికి ఇనుము మిగలక ఆగిపోయింది. మూర్తి గారు కొత్త పికప్ కొన్నాడు, సర్వీసు కింద ఊళ్లో షోరూమ్‌లోనే. స్టీరింగ్ సుక్రు బాబాయ్‌కే ఇచ్చాడు, అందుకు ఆయనకి దండం. కొత్త బండి క్యాబిన్ వెనక గట్టి అద్దం. ఏసీ కోసం గాలి దూరకుండా బిగించినది. మొదటివారం చూశాను, సుక్రు బాబాయ్ వానలో తల కిటికీ బయట పెట్టుకుని కొండ దిగుతున్నాడు.

ఒక ఆదివారం బండిని పెరట్లోకి తెమ్మన్నాను. వెనక అద్దం రబ్బరు కోసి అద్దం తీసేశాను. పాత వ్యానులోంచి తెచ్చిన జరిపే అద్దం ఫ్రేము కొలతకి కోసి బిగించాను. సోమవారం షోరూమ్ వాళ్లు చూసి వారంటీ పోయిందన్నారు. మూర్తి గారు ఫోను చేశాడు. ఈసారి ఎత్తాను.

“అడగాలి కదమ్మా?”

“అడిగితే మీరు వద్దంటారు సార్.”

“అంటాను.”

“అందుకే అడగలేదు.”

అలా రిటైరయ్యాను. ఆయన అద్దాన్ని మాత్రం మార్పించలేదు.

ఇప్పుడు గాజువాకలోనే ఉంటున్నాను. మొన్న సాయంత్రం సుక్రు బాబాయ్ నెంబరు నుంచి ఫోను వచ్చింది. హలో అన్నా ఎవరూ మాట్లాడలేదు. రాళ్లు నలిగే చప్పుడు, ఇంజన్ చప్పుడు.

“బాబాయ్, బండి నడుపుతూ ఫోనేంటి?”

“నాను సెయ్యనేదు. పైన రాయి కాడే కలిపీసి ముందర ఎట్టీసినాను. నువ్వు మాటాడకు, ఇను.”

వెనక నుంచి పాట వస్తోంది. అద్దం జరిపి ఉందన్నమాట. వింటూ నిలబడ్డాను. మధ్యలో పాట ఆగింది. ఇంజన్ ఒక్కటే ఆడుతోంది. ఏదో బరువైనది పక్క నుంచి రొప్పుతూ పైకి పోయింది.

బుద్రి అక్క వదిలిన మాట దగ్గరే మళ్లీ అందుకుంది.